బెంగళూరులో రివాల్వర్ లైసెన్స్: "ప్రాణానికి ముప్పు ఉన్నట్టు లేదు" అని రిజెక్ట్ చేశారు, అప్పీల్ చేస్తే ఉపయోగం ఉందా?

ప్రొద్దుటూరు_శీను

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదివి తెలిసినోళ్లు చెప్పండి.

మాది ప్రొద్దుటూరు, తాతల కాలం నుంచి బంగారం పనే. నాన్న ఉన్నప్పుడే బెంగళూరు వచ్చేసినాం, నగరత్‌పేటలో చిన్న హోల్‌సేల్ అంగడి. ఇక్కడ మాల్ చేయించి కోలారు, మదనపల్లి, చిత్తూరు, హోసూరు వైపు షాపులకు నేనే తీసుకుపోయి ఇస్తా, పాత బంగారం, డబ్బు తీసుకుని రాత్రికి మళ్లీ వస్తా. కొన్నిసార్లు కారు, ఎక్కువగా ఆర్టీసీ బస్సే, బస్సులో నలుగురు ఉంటారు కదా అని ఒక ధైర్యం. చొక్కా లోపల గుడ్డ బెల్టు ఒకటి ఉంటుంది, మా అమ్మ కుట్టింది, మెత్తటి కాటన్, నాలుగు అరలు, ఒక్కో అరకి గుండీ. అందులో మాల్ పెట్టి నడుముకు కట్టుకుంటే పైకి ఏమీ తెలియదు, కానీ పక్క సీట్లో మనిషి నిద్రలో మీదకు ఒరిగినా గుండె జారిపోతుంది.

పోయిన సంవత్సరం మా లైన్‌లోనే ఒకాయన, నాన్నకు స్నేహితుడు, రాత్రి అంగడి మూసి స్కూటర్ మీద ఇంటికి పోతుంటే ఇద్దరు అడ్డం వచ్చి కళ్లల్లో కారం కొట్టి బ్యాగు లాక్కుపోయినారు. బ్యాగు పోతే పోయింది, ఆయనకు ఒక కన్ను ఇప్పటికీ సరిగా కనపడదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను వచ్చేదాకా ఎవరూ అన్నం తినరు. అప్పుడే డిసైడ్ అయినా, చట్టప్రకారం లైసెన్స్ తీసుకుని రివాల్వర్ పెట్టుకోవాలని. దొంగదారి వద్దు, నాకు ఇద్దరు పిల్లలు.

అప్లికేషన్ అంతా పద్ధతిగానే చేసినా. ఫారం ఏ-1 నింపి, ఐటీ రిటర్న్‌లు, జీఎస్టీ, షాపు కాగితాలు, ఆధార్ అన్నీ పెట్టి, డాక్టర్ దగ్గర శారీరకంగా మానసికంగా ఫిట్ అని సర్టిఫికెట్ తెచ్చి, రైఫిల్ క్లబ్‌లో ట్రైనింగ్ చేసి ఆ సర్టిఫికెట్ కూడా జత చేసినా. గోడకు బోల్టులతో బిగించే ఇనుప లాకర్ కొని దాని ఫొటో కూడా పెట్టినా. స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వచ్చినారు, పక్కింటోళ్లను అడిగినారు, నా మీద చిన్న కేసు కూడా లేదు. అక్కడ నన్ను గట్టిగా అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే, నిన్నెవరైనా బెదిరించినారా, ఫోన్ గానీ లెటర్ గానీ వచ్చిందా, ఎఫ్ఐఆర్ ఉందా అని. లేదు సార్, దారి కాచి కొట్టేవాడు ముందు ఫోన్ చేయడు కదా సార్ అన్నా. రాసుకున్నారు, పంపించేసినారు.

నెలలు గడిచినాయి. ఏ ఆఫీసు, ఎవరు అనేది ఇక్కడ రాయను, ఇంకా వాళ్ల చుట్టే తిరగాల కదా. చివరికి కౌంటర్లో నోటి మాటగా చెప్పినారు, రిజెక్ట్ అయింది, ప్రాణానికి ముప్పు ఉన్నట్టు రిపోర్టులో లేదు అని. కాగితం ఇవ్వండి అంటే పోస్ట్‌లో వస్తుంది పో అన్నారు, అది రాలేదు. బయట టీ అంగడి దగ్గర ఒక మనిషి తగులుకుని నేను చేయిస్తా అని లక్షల్లో చెప్పినాడు, దండం పెట్టి వచ్చేసినా.

నా బాధ ఏందంటే, గన్ అందరికీ పంచిపెట్టమని నేను అడగడం లేదు. కఠినంగా ఉండండి, పది పరీక్షలు పెట్టండి, అన్నీ రాస్తా. కానీ ముప్పు ఉందని రుజువు చెయ్ అంటే ఎట్లా రుజువు చేయాల? నా మీద కూడా దాడి జరిగి బతికి బయటపడితే అప్పుడు ఆధారం దొరికినట్టా? అప్పీల్ చేస్తే ఉపయోగం ఉంటుందా, లేకపోతే కొన్నాళ్లు ఆగి మళ్లీ అప్లై చేయాలా? ఒకవేళ ఇక్కడ ఇచ్చినా చిత్తూరు, హోసూరు పోయినప్పుడు అది చెల్లుతుందా? అనుభవం ఉన్నోళ్లు చెప్పండన్నా.

అనంతపురం_పెద్దాయన

శీనూ, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను బాబూ. నాకు లైసెన్స్ ఉంది కాబట్టి దాంతో బతకడం ఎట్లా ఉంటుందో చెప్తాను, లీగల్ సంగతి లాయర్లు ఎవరైనా చెప్తారు.

నాది పాయింట్ 32 రివాల్వర్, కాన్పూర్ ఫ్యాక్టరీది. అనంతపురం జిల్లాలో రోడ్డు కాంట్రాక్టులు చేసే రోజుల్లో తీసుకున్నాను. టెండర్ వేస్తే ఇంటి మీద నాటుబాంబులు పడే కాలం అది, కాబట్టి నీకు ముప్పు ఉందా అని నన్ను ఎవరూ అడగలేదు, ఊరంతా తెలిసిన సంగతే. తర్వాత పిల్లల చదువులకని హెబ్బాళ్ వచ్చి స్థిరపడ్డాం. అడ్రస్ మారింది కాబట్టి లైసెన్స్ ఇక్కడికి మార్పించుకోవడానికి అక్కడి నుంచి ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ ఎంక్వైరీ, కొత్త అప్లికేషన్ లాగే జరిగింది.

ఇక అది నడుముకు పెట్టుకుని తిరగడం గురించి. ఖాళీగానే ఏడు వందల గ్రాముల దాకా బరువు, ఆరు గుండ్లు వేస్తే ఇంకొంచెం. ఎండాకాలంలో చొక్కా బయటికి వదిలేసి తిరగాలి, లోపల తోలు హోల్‌స్టర్ చెమటకు తడిసి నడుము దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. కారులో సీట్‌బెల్ట్ కింద గుచ్చుకుంటుంది. పెళ్లికి పోతే చుట్టాల పిల్లలు పరిగెత్తుకొచ్చి నడుము పట్టుకుంటారు, ఆ క్షణం నా ఊపిరి ఆగిపోయేది. గుడికి పోతే లోపలికి తీసుకుపోలేను, కారులో వదిలి పోలేను, అందుకని మా ఆవిడని లోపలికి పంపి నేను బయట చెట్టు కింద నిలబడేవాణ్ణి. హోటల్లో బాత్రూంకి పోవాలన్నా దాని గురించే ఆలోచన. అది ఒంటి మీద ఉన్నంతసేపు ఎవడైనా గొడవకి వచ్చినా నోరు మూసుకుని తప్పుకోవాలి, నేను అట్లాగే తప్పుకున్నాను.

2016 ఆర్మ్స్ రూల్స్ వచ్చాక ఇంకో సంగతి స్పష్టంగా రాశారు, పబ్లిక్‌లో తీసుకుపోయేటప్పుడు హోల్‌స్టర్‌లో గానీ బ్యాగులో గానీ ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, నీ అదుపులో ఉండాలి. పైకి కనపడేట్టు పెట్టుకుని తిరిగినా, పెళ్లిలో గాల్లోకి పేల్చినా లైసెన్స్ పోతుంది. 2019లో చట్టం మార్చి ఇట్లా సంబరాల్లో కాల్చడానికి రెండేళ్ల దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ రెండూ గానీ పెట్టారు. అదే మార్పులో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు, మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్నది రెండుకి తగ్గించారు.

చిత్తూరు, హోసూరు అడిగావు కదా. లైసెన్స్ మీద ఏరియా అని రాసి ఉంటుంది, ఆ ఏరియా దాటితే నీ లైసెన్స్ చెల్లదు. కర్ణాటక వరకే ఉంటే అత్తిబెలె దాటి తమిళనాడులో అడుగు పెట్టగానే నువ్వు షరతు మీరినట్టే. బయటి రాష్ట్రాలు కావాలంటే కారణం చూపించి విడిగా అడగాలి, అది ఇంకా కష్టం. నీ వ్యాపారం మూడు రాష్ట్రాల్లో, కాబట్టి నీకు అసలైన చిక్కు ఇక్కడే ఉంది.

ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. 2023 అసెంబ్లీకి చేశాను, 2024 లోక్‌సభకి చేశాను. ఆ వారాలన్నీ నీ దగ్గర ఏమీ ఉండదు, మాల్ మాత్రం మోయాల్సిందే.

చివరిగా ఒక మాట, కోపం తెచ్చుకోకు. కళ్లల్లో కారం కొట్టిన మనిషికి నడుములో రివాల్వర్ ఉన్నా ఏం చేసేవాడు? ఇంకా దారుణం, బంగారంతో పాటు అది కూడా వాళ్ల చేతికి పోయేది, దాంతో రేపు ఇంకొకడి ప్రాణం తీస్తే నువ్వు జీవితాంతం నిద్రపోలేవు. అట్లని నువ్వు అడగడం తప్పు అనను. నీ దరఖాస్తుకి కారణం చెప్పకుండా పొమ్మనడం మాత్రం అన్యాయమే.

మల్లేశ్వరం_లాయరమ్మ

శీను గారూ, నేను విజయవాడ అమ్మాయినే, ఇక్కడ హైకోర్టులో ప్రాక్టీస్. ఇట్లాంటి ఫైళ్లు చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఒక చేదు నిజం. మన దేశంలో ఆయుధం పెట్టుకోవడం ప్రాథమిక హక్కు కాదు. 2023లో సుప్రీంకోర్టు కూడా ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక బెయిల్ కేసులో లైసెన్స్ లేని తుపాకుల గురించి మాట్లాడుతూ ఇదే గుర్తు చేసింది, అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు ఇక్కడ లేదు, చట్టం అనుమతిస్తేనే ఉంది అని. కాబట్టి "నా హక్కు" అని అప్పీల్ రాస్తే మొదటి పేజీలోనే బలహీనపడుతుంది.

కానీ హక్కు కాదు అంటే ఇష్టం వచ్చినట్టు తీసి పక్కన పడేయొచ్చు అని కాదు. 1959 ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 14 చూడండి, ఏ కారణాలతో తిరస్కరించొచ్చో అందులో ఉంది. వయసు సరిపోకపోవడం, మానసిక స్థితి, ఏదో రకంగా అనర్హుడు కావడం, ప్రజా శాంతికి భద్రతకి ఇబ్బంది అనిపించడం, ఇట్లాంటివి. ఆస్తి సరిపోను లేదు అనే ఒక్క కారణంతో తిరస్కరించకూడదు అని కూడా అక్కడే ఉంది. మీకు కావాల్సింది 14లో మూడో క్లాజు: తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా రికార్డు చేయాలి, మీరు అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి, ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదు అనుకుంటే తప్ప. కౌంటర్లో నోటితో చెప్పిన మాటకి చట్టంలో చోటు లేదు. ఆ కాగితం చేతికి వస్తేనే సెక్షన్ 18 కింద అప్పీల్ నడుస్తుంది, దానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే గడువు దాటినా తీసుకోవచ్చు, కానీ ఆ ధీమాతో కూర్చోవద్దు. అప్పీల్ ఎవరికి అనేది ఆర్డర్ మీద సంతకం పెట్టిన అధికారి హోదాని బట్టి ఉంటుంది.

ఇప్పుడు ముప్పు సంగతి. 2016 రూల్స్‌లో 12వ రూల్ ఉంది. దాంట్లో ఉగ్రవాదులు, తీవ్రవాదులు తిరిగే ప్రాంతంలో ఉండేవాళ్లు, వాళ్లకి టార్గెట్ అయ్యేవాళ్లు, ఇట్లా చెప్పి, ఆ తర్వాత చేసే వ్యాపారం, వృత్తి, ఉద్యోగం స్వభావం వల్ల ప్రాణాన్నో ఆస్తినో కాపాడుకోవాల్సిన నిజమైన అవసరం ఉన్నవాళ్లని కూడా కలిపారు. మీది సరిగ్గా ఇదే. ఎంక్వైరీలో మిమ్మల్ని బెదిరింపు కాల్ గురించే అడిగారంటే మొదటి రకానికి సంబంధించిన ప్రశ్న అడిగి రెండో రకం మనిషిని పంపించేశారన్నమాట. అప్పీల్‌లో ఇదే ముఖ్యమైన పాయింట్ అవ్వాలి. మీరు అప్లికేషన్‌లో ఏం రాశారో నాకు తెలియదు, చాలామంది "ఆత్మరక్షణ కోసం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఏ రూట్‌లో ఎంత విలువ మోస్తారు, డెలివరీ చలాన్లు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు, ఇన్సూరెన్స్, మీ నాన్నగారి స్నేహితుడి మీద జరిగిన దాడి ఎఫ్ఐఆర్ కాపీ, అంతా ఫైల్లో ఉండాలి. దాడి మీ మీద కాకపోయినా అదే వ్యాపారం, అదే పేట అని చూపిస్తుంది.

పోలీసు రిపోర్టు ఆలస్యమైందని ఎవరైనా చెప్తే, సెక్షన్ 13లో 2ఏ అని ఉంది, గడువులో రిపోర్టు రాకపోతే ఇక దాని కోసం ఆగకుండా లైసెన్సింగ్ అథారిటీ నిర్ణయం తీసుకోవచ్చు అని. "తీసుకోవచ్చు" మాత్రమే, అందుకని ఎవరూ తీసుకోరు, అది నాకు చాలా కోపం తెప్పించే సంగతి. ముప్పు లేదనే ఒక్క కారణంతో తిరస్కరించడం మీద హైకోర్టుల తీర్పులు రెండు వైపులా ఉన్నాయి, కాబట్టి గ్యారంటీగా గెలుస్తారని ఏ లాయరైనా చెప్తే నమ్మకండి.

ఆ టీ కొట్టు మనిషికి దూరంగా ఉండండి. దొంగ కాగితాలతో లైసెన్స్ తీసుకుంటే అది లైసెన్స్ కిందే లెక్క కాదు. లైసెన్స్ లేకుండా తుపాకి దొరికితే 2019 మార్పు తర్వాత కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా శిక్ష.

ఎడిసన్_టు_సర్జాపుర

నేను న్యూజెర్సీలో చాలా ఏళ్లు ఉండి ఈ మధ్యే బెంగళూరు వచ్చేశాను. శీను గారి పోస్ట్ చదువుతుంటే అక్కడ మా స్ట్రిప్ మాల్‌లో నగల షాపు నడిపిన గుంటూరు అంకుల్ గుర్తొచ్చారు, ఎందుకంటే ఆయన కూడా ఇదే మాట అనేవారు, నాకు ముప్పు ఉందని నేనెలా చూపించాలమ్మా అని. అమెరికా అంటే సూపర్‌మార్కెట్‌లో గన్ కొనుక్కుని జేబులో వేసుకుని తిరుగుతారు అని మనవాళ్లు అనుకుంటారు, న్యూజెర్సీలో అలా అస్సలు కాదు. ఇంట్లో పెట్టుకోవడానికి కొనాలన్నా ముందు పోలీసుల దగ్గర పర్మిట్. జేబులో పెట్టుకుని బయట తిరగాలంటే 2022 దాకా "జస్టిఫయబుల్ నీడ్" చూపించాల్సి వచ్చేది, అంటే నీ మీద ప్రత్యేకంగా బెదిరింపులో, ఇంతకుముందు దాడో ఉండాలి, ఇంకే రకంగానూ తప్పించుకోలేని ప్రమాదం అని నిరూపించాలి. పోలీస్ చీఫ్ ఒప్పుకున్నాక జడ్జి కూడా ఒప్పుకోవాల్సి వచ్చేది. మామూలు జనానికి దాదాపు దొరికేది కాదు, డబ్బు మోసే వ్యాపారం చేస్తున్నాను అంటే సరిపోయేది కాదు. అంకుల్ లాయర్‌ని అడిగి ఆ సలహా విని అప్లై చేయడమే మానేశారు.

తర్వాత 2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో, బ్రూయెన్ తీర్పు అంటారు, ప్రత్యేకమైన అవసరం చూపించమనే షరతుని 6-3తో కొట్టేసింది. న్యూయార్క్‌లో ఈ లైసెన్స్ వ్యవస్థ 1911 నుంచి ఉంది. న్యూజెర్సీ అటార్నీ జనరల్ ఆ మర్నాడే ఇక జస్టిఫయబుల్ నీడ్ అడగొద్దని ఆదేశం ఇచ్చారు. కానీ రాష్ట్రాలు ఊరుకోలేదు, ఆ సంవత్సరమే న్యూయార్క్ 16 గంటల క్లాసు, 2 గంటల ఫైరింగ్, నలుగురు మనుషుల రిఫరెన్స్ పెట్టింది, టైమ్స్ స్క్వేర్‌తో సహా బోలెడు చోట్ల తీసుకుపోకూడదంది. న్యూజెర్సీ కూడా డిసెంబర్‌లో అలాంటి చట్టమే చేసింది, వాటి మీద మళ్లీ కేసులు.

నేను రెండు వైపులా చూశాను. 2015లో న్యూజెర్సీలోనే క్యారల్ బౌన్ అనే ఆమె, పాత బాయ్‌ఫ్రెండ్ కొడతాడని కోర్టు నుంచి రక్షణ ఆర్డర్ తెచ్చుకుంది, ఇంటికి కెమెరాలు పెట్టించింది, ఏప్రిల్‌లో గన్ కొనే పర్మిట్‌కి అప్లై చేసింది. చట్టంలో 30 రోజులు అని ఉంది. పర్మిట్ రాలేదు, జూన్ మొదట్లో అతను ఆమె ఇంటి ముందే పొడిచి చంపేశాడు. అక్కడ ఆధారం, బెదిరింపు, కోర్టు ఆర్డర్ అన్నీ ఉన్నాయి, అయినా ఫైలు కదల్లేదు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఆలస్యం అనేది నాకు మామూలు విషయంగా అనిపించదు.

ఇంకోవైపు, న్యూజెర్సీ, న్యూయార్క్, మసాచుసెట్స్, హవాయి, ఇలా కఠినంగా ఉన్న రాష్ట్రాల్లోనే తుపాకీ చావుల రేటు అమెరికాలో అన్నిటికంటే తక్కువ వరుసలో ఉంటుంది, మిసిసిపీ లాంటి చోట చాలా ఎక్కువ. మా పిల్లలు స్కూల్లోకి ఎవరైనా తుపాకితో వస్తే ఎలా అని లాక్‌డౌన్ డ్రిల్ పేరుతో బెంచీల కింద దాక్కోవడం ప్రాక్టీస్ చేసి ఇంటికొచ్చి చెప్పేవారు, చిన్నది లైట్ ఆఫ్ చేస్తే ఏడ్చేది. మేం వెనక్కి రావడానికి అది కూడా ఒక కారణం. అందుకని బెంగళూరులో కఠినంగా ఉండటం నాకు ఇష్టమే. శీను గారూ, మీ ఇంట్లో పిల్లలున్నారు అన్నారు, లాకర్ తాళం ఎక్కడ పెడతారో వాళ్లకి మొదటి వారంలోనే తెలిసిపోతుంది, దయచేసి దాని గురించి ఆలోచించండి.

కోరమంగళ_కిరణ్

అందరూ బాగా చెప్పారు, నాకు మాత్రం ఒకటి మింగుడుపడదు. మా ఆఫీస్‌లో కొడవ ఫ్రెండ్ ఉన్నాడు, కొడగు జిల్లా విరాజ్‌పేట వాడు, సెప్టెంబర్‌లో కైల్‌పోళ్దు పండగకి వాళ్లింటికి తీసుకెళ్లాడు. పూజ గదిలో తాత తుపాకి తుడిచి గంధం పెట్టి, గొట్టంలో ఎర్రగా పసుపుగా ఉండే అగ్నిశిఖ పువ్వు గుచ్చి వరసగా పెట్టారు, ఇంట్లో ఆడవాళ్లు కూడా దండం పెట్టుకున్నారు. కొడవలకి, అక్కడ జమ్మా అనే వంశపారంపర్య భూమి ఉన్నవాళ్లకి లైసెన్స్ అక్కర్లేదు, బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది, కేంద్రం దాన్ని 2029 అక్టోబర్ దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సరే అంది. వాళ్లు దాన్ని ఎంత గౌరవంగా చూసుకుంటారో చూశా కాబట్టి తీసేయమని అనను. కానీ ఒకే రాష్ట్రంలో పుట్టుకని బట్టి ఒకరికి అడక్కుండా ఇస్తూ, ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగే శీను అన్న లాంటోళ్లకి కారణం కూడా చెప్పకపోతే ఎలా? అన్నా, వదలొద్దు, అప్పీల్ వెయ్.

అనంతపురం_పెద్దాయన

కిరణ్ బాబూ, కొడగులో తుపాకి ఉన్నది కాఫీ తోటలో ఏనుగు, అడవిపంది వచ్చే చోట, పెద్దల నుంచి ఇంట్లో వచ్చే వస్తువు. ఎలక్షన్ వస్తే డిపాజిట్ చేయమంటే తోటల వాళ్లు కూడా మొత్తుకుంటారు. అది వేరు, మెజెస్టిక్ బస్టాండ్‌లో జనం మధ్య నడుముకు రివాల్వర్ పెట్టుకోవడం వేరు. రెండూ ఒక గాట కట్టొద్దు.

శీనూ, నువ్వు మాల్ ఇన్సూర్ చేశావా? జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ అని ఉంటుంది, షాపులో ఉన్నదానికే కాకుండా దారిలో మోసేదానికి కూడా కవర్ తీసుకోవచ్చు, ఎవరు మోస్తారు, ఎంత విలువ వరకు అనేవి సరిగ్గా రాయించుకోవాలి. పెద్ద కన్‌సైన్‌మెంట్లు సీలు వేసి తీసుకుపోయే లాజిస్టిక్స్ వాళ్లు కూడా ఇప్పుడు చిన్న ఊళ్లకి వస్తున్నారు. నీ దగ్గర పోయేది బంగారం మాత్రమే అయితే, వాడు అడిగిన వెంటనే ఇచ్చేసి బతికి ఇంటికి రావచ్చు. ఆ ధైర్యం ఇన్సూరెన్స్ ఇస్తుంది.

ప్రొద్దుటూరు_శీను

అందరికీ చాలా థాంక్స్. పెద్దాయనా, మీరు గుడి బయట నిలబడిన సంగతి మా ఆవిడకి చదివి వినిపించినా, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాలసీ ఉంది కానీ షాపు వరకే, దారికి లేదు, రేపే ఏజెంట్‌తో మాట్లాడతా. లాజిస్టిక్స్ వాళ్లను మా షాపు వాళ్లు ఇద్దరు వాడతారు, చార్జీ ఎక్కువ, మా మార్జిన్ గ్రాముకి ఎంత అనేది ఈ లైన్‌లో ఉన్నోళ్లకే తెలుసు, చిన్న చిన్న ఆర్డర్లకి అది గిట్టదు. పెద్ద మాల్‌కి మాత్రం అట్లనే పంపిస్తా ఇకమీదట.

అయినా అప్పీల్ వదలను. ఎడిసన్ అక్కా, మీరు చెప్పింది తీసేయడం లేదు, పిల్లల భయం నాకూ ఉంది. కానీ నేను ఇన్ని కాగితాలు పెట్టి, వేలిముద్రలు ఇచ్చి, ట్రైనింగ్ చేసి ప్రభుత్వం ముందు నిలబడి అడిగినోణ్ణి. మా పేటలో కారం కొట్టినోళ్లు ఎవరినీ అడగలేదు. నాకు ఇవ్వకూడదు అనుకుంటే ఫలానా కారణం అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి, చదువుకుని నేనే ఒప్పుకుంటానేమో. నోటితో పో అంటే ఎట్లా ఒప్పుకునేది?

లాయరమ్మా, ఆ కారణాల కాగితం అడగడానికి లెటర్ ఎట్లా రాయాల, చేతికి ఇవ్వాలా పోస్ట్ చేయాలా? ఇంకొకటి, రేపు లైసెన్స్ వచ్చి, నిజంగా వాడాల్సి వస్తే నా మీద కేసు అవుతుందా?

మల్లేశ్వరం_లాయరమ్మ

రెండో దానికి ముందు చెప్తా. లైసెన్స్ అనేది పెట్టుకోవడానికే, కాల్చడానికి అనుమతి కాదు. కాలిస్తే అది ఆత్మరక్షణ అని మీరు చూపించుకోవాలి. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు అవే. దోపిడీ అయితే ఆస్తి కాపాడుకోవడానికి కూడా ఆ హక్కు ప్రాణం తీసేదాకా వెళ్లొచ్చు, కానీ అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. బ్యాగు లాక్కుని పారిపోతున్న వాణ్ణి వెనక నుంచి కాలిస్తే చాలా కష్టం. కేసు నమోదవుతుంది, రివాల్వర్ సీజ్ చేస్తారు, కోర్టులో ఏళ్లు పడుతుంది, దానికి సిద్ధపడే తీసుకోండి.

లెటర్ సింపుల్‌గా రాయండి. అప్లికేషన్ నంబర్, తేదీ, తిరస్కరించినట్టు ఫలానా తేదీన నోటి మాటగా తెలిసింది, సెక్షన్ 14(3) కింద కారణాల స్టేట్‌మెంట్, ఆర్డర్ కాపీ ఇవ్వమని కోరుతున్నాను, అంతే. కోపం, కథ ఏమీ వద్దు. ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి, ఇంకొకటి రిజిస్టర్డ్ పోస్ట్‌లో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. దాంతోపాటే ఆర్‌టీఐ కింద ఫైల్ నోటింగ్స్, పోలీసు రిపోర్టు కాపీ అడగండి, రిపోర్టు మొత్తం ఇవ్వకపోయినా ఆర్డర్ అసలు పాస్ అయిందో లేదో బయటపడుతుంది, చాలా ఫైళ్లలో అదే ఉండదు. ఆర్డరే లేకపోతే మీది తిరస్కరణ కాదు, పెండింగ్, అప్పుడు అప్పీల్ కాదు, నిర్ణయం తీసుకోమని ఆదేశించమంటూ హైకోర్టులో రిట్ వేయాలి. ఏది వచ్చినా కవర్ మీద పోస్టల్ స్టాంప్ చింపకుండా దాచండి, గడువు లెక్క దాని నుంచే చూపించాల్సి రావచ్చు.

శనివారం మధ్యాహ్నం చాంబర్‌లో ఉంటాను, నాకు పర్సనల్ మెసేజ్ పెట్టి వచ్చేటప్పుడు ఆ ఎఫ్ఐఆర్ కాపీ, పోయిన సంవత్సరం చలాన్లు తీసుకురండి. లెటర్ ఇద్దరం కూర్చుని రాద్దాం.